కాఫీకి సరిపడా పాలు

రిటైర్మెంట్ దగ్గరపడే రోజుల్లో మనిషికి నిదానం వస్తుందని ఎవరన్నారో గానీ, మా ఇంట్లో మాత్రం పశువుల కొట్టం లేచింది. అప్పట్లో నేను శబరి నది ఒడ్డున ఉన్న సరిహద్దు ఊరు కొంటాలో టీచర్ని, మా సారు కరెంటాఫీసులో గుమాస్తా. నౌకరీ అయిపోగానే భద్రాచలంలో అక్క ఇంటి పక్కన ఓ వాటా తీసుకుని కాలు మీద కాలేసుకుని కూర్చోవాలని నా కోరిక. ఆయనకేమో శబరి ఒడ్డునే డెయిరీ పెట్టాలని పట్టుదల. (పుట్టి బుద్ధెరిగాక ఆవు తోక ముట్టుకున్న పాపాన పోలేదు.) చివరికి ఒప్పందానికొచ్చాం. వానలు పడేలోపు మన ఆవుపాలతో ఇద్దరికీ కాఫీ పెడితే ఇక్కడే ఉంటాను, లేదంటే పశువుల్ని అమ్మేసి భద్రాచలం పోదాం అన్నాను.

దోర్నపాల్ సంతలో మూడు ఆవుల్ని దూడలతో సహా కొనుక్కొచ్చారు. పళ్లు చూశారట, కొమ్ములు చూశారట, సుడులు కూడా చూశారట. మర్నాడు చెంబు పట్టుకుని కూర్చున్నారో లేదో, తంతే బూరెల బుట్టలో పడ్డవాళ్ల గురించి విన్నాను గానీ, మా సారు పేడతట్టలో పడ్డారు. కాళ్లకు బంధం వేశారు, తవుడు పెట్టారు, యూట్యూబ్ చూశారు, పాటలు పాడారు. (ఆ పాటలకు నేనైనా తన్నేదాన్నే.) చెంబు అడుగు తడవలేదు. ఒళ్లు మండి, తర్వాతి సంతకు నేనే వెంట వెళ్లి, ఆవులమ్మిన దోర్ల తెగ గిరిజన రైతును నిలదీశాను.

"ఏంది పెద్దాయనా, పాలియ్యని ఆవుల్ని అంటగట్టినవ్?"

"పాలెందుకియ్యదమ్మా? దూడ తాగుతలేదా?"

"మాకు గావాలె గద!"

"దూడ పాలు మీరెట్ల తాగుతరు? మేమెన్నడు పిండలే. సారు పాల ముచ్చటే అడగలే. ఎరువుకు, దుక్కి కోడెలకు కొంటున్నడనుకున్న."

ఇన్నేళ్లుగా ఆ పల్లెల పిల్లలకే పాఠాలు చెప్తున్నా, వాళ్లిళ్లలో ఆవుల్ని పిండరన్న సంగతి నాకూ తట్టలేదు.

వానలొచ్చాయి. పందెం గెలిచాను కాబట్టి బేరగాణ్ణి నేనే పిలిపించాను. అతను పలుపు విప్పుతుంటే, కడుపునిండా తాగిన బుల్లి దూడ మూతికి నురగతో వచ్చి నా కొంగు నమలసాగింది. మా సారు గోడవైపు తిరిగి నిలబడ్డారు. ఆ మనిషిని చూస్తే చిరాకూ వేసింది, జాలీ వేసింది.

"ఉండనీ భయ్యా, మత్ ఖోలో, విప్పొద్దు" అనేశాను.

ఇప్పుడు పొద్దున్నే కొట్టం ముందు కూర్చుని ప్యాకెట్ పాల కాఫీ తాగుతున్నాం. పందెం గెలిచిందాన్నీ నేనే, పేడ ఎత్తేదాన్నీ నేనే. అక్క ఫోన్ చేసి ఎప్పుడొస్తావే అంటే, "ఎర్రావు చూడితో ఉందక్కా, ఈనాక చూద్దాం" అంటాను. ఆ మాటన్నది నేనేనా అని నాకే నవ్వొస్తుంది.