రెండొందల హార్స్‌పవర్ మాట

ఎల్డన్ రీమర్స్ జన్మకి ఒకే ఒక్క అబద్ధం ఆడాడని అతని భార్య వెర్నా అంటుంది. ఆ ఒక్కటీ విమానం ముక్కుకి బిగించుకునేంత పెద్దది ఆడాడని కూడా ఆవిడే అంటుంది. ఆ అబద్ధం వల్ల ఎక్కువ పోగొట్టుకున్నది ఆవిడే కాబట్టి, నవ్వుతూ చెప్పే హక్కూ ఆవిడదే.

ప్లాట్ నదికి దక్షిణాన మొక్కజొన్న చేల మధ్య వాళ్ళ ఇల్లు. ఊళ్ళో ధాన్యం గిడ్డంగి మోటార్లు బాగుచేస్తూ వయసంతా గడిపి, రిటైరయ్యాక ఇంటి వెనక షెడ్డులో పక్కపక్కన రెండు సీట్లున్న విమానం కట్టడం మొదలుపెట్టాడు ఎల్డన్. ఇందులో వింతేం లేదు. నెబ్రాస్కాలో మా వైపు మగాళ్ళు కొందరు చేపలు పడతారు, కొందరు విమానాలు కడతారు. కొలతలు చెప్పే దగ్గర ఇద్దరికీ చెయ్యి కాస్త ధారాళమే.

విమానం ఎల్డన్ సరదానే గానీ, దానికి కారణం మాత్రం వెర్నా. ఆవిడ పుట్టింది నది ఒడ్డు పొలంలో. ఏటా మార్చి నెలలో బూడిద రంగు సారస పక్షులు లక్షల్లో వచ్చి ఆ ఇసుక మేటల మీద వాలతాయి. పిల్లగా ఉన్నప్పుడు వాటి అరుపులకే ఆవిడకి మెలకువ వచ్చేది. పెళ్ళికి ముందు ఎల్డన్‌తో వంతెన మీద నిలబడి ఒక మాట అంది. ఎప్పుడు చూసినా వాటి కడుపులే కనిపిస్తాయి, ఒక్కసారి పైనుంచి వీపులు చూడాలని ఉంది, అని. చూపిస్తానన్నాడు ఎల్డన్. ఆ వయసులో మగవాళ్ళు చాలా అంటారు, పెళ్ళయ్యాక మరిచిపోతారు. ఇతను మరిచిపోలేదు, కాకపోతే తీరుబడి దొరకలేదు.

ఇంతలో వెర్నా కళ్ళకి జబ్బు వచ్చింది. చూపులో నడిమి భాగం మెల్లగా మసకబారిపోతుందనీ, చుట్టూ అంచు మాత్రం మిగులుతుందనీ, దీనికి మందు లేదనీ కళ్ళ డాక్టరు చెప్పాడు. ఆ రోజు ఇంటికి రాగానే ఎల్డన్ నేరుగా షెడ్డులోకి వెళ్ళి దీపం వేశాడు. అప్పటిదాకా తాపీగా సాగిన పని ఆ రోజు నుంచి పరుగందుకుంది.

అతను పెట్టింది రోటరీ ఇంజన్. పాత స్పోర్ట్స్ కారులోంచి పీకి తెచ్చాడు. అందులో పిస్టన్లుండవు, మూడు మూలల దిమ్మలు గిరగిరా తిరుగుతుంటాయి. చిన్నది, తేలిక, చప్పుడు తప్ప వణుకు లేదు. కాకపోతే దాని బలమంతా వేగంలోనే ఉంది. మెల్లగా తిరిగితే పిల్లిలా ఉంటుంది. ప్రొపెల్లర్ సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. అది మరీ వేగంగా తిరిగితే కొసలు గాలిని చీల్చి గోల చేస్తాయే గానీ లాగవు. అందుకని మధ్యలో పళ్ళచక్రాల పెట్టె పెట్టి వేగం తగ్గించాలి. ఆ తగ్గిన వేగానికీ, ఇంజన్ బలానికీ సరిపోయేటట్టు చెక్క ప్రొపెల్లర్ చెక్కించాలి. ప్రొపెల్లర్ రెక్క వాలు తక్కువైతే గాలిలో ఊరికే జారుతుంది. ఎక్కువైతే ప్రతి తిప్పుకీ నోరు పట్టని ముద్ద మింగబోయినట్టు ఇంజన్ ఉక్కిరిబిక్కిరై వేగం అందుకోదు. వేగం లేకపోతే ఆ ఇంజన్‌కి బలమే లేదాయె.

ఇవన్నీ ఎల్డన్‌కి నోటికొచ్చు. తెలియక చేసిన తప్పయితే వెర్నా అంత దెప్పేది కాదు.

శనివారం పొద్దున్న చుట్టుపక్కల విమానాలు కట్టేవాళ్ళంతా ఎల్డన్ షెడ్డులో చేరి కాఫీ తాగడం ఆనవాయితీ. వెర్నా చేసే దాల్చినచెక్క రొట్టెల కోసమే సగం మంది వచ్చేవారు. వాళ్ళలో గేలన్ అని ఒకడు, ఎల్డన్‌తో బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు. గేలన్ విమానానికి విమానాల ఇంజనే ఉంది, ఆ సంగతి అతను ఎవర్నీ మరిచిపోనివ్వడు. ఎల్డన్ ఇంజన్‌ని కుట్టుమిషను అనేవాడు. చొక్కాకి గుండీలు కుట్టుకోవడానికి పనికొస్తుందిరా, వెర్నాని మాత్రం ఎక్కించకు, అనేవాడు. ఒకసారి ఒళ్ళు మండి ఎల్డన్ రెండొందల హార్స్‌పవర్ అనేశాడు. గేలన్ ఇంజన్ నూట ఎనభై. ఆ దెబ్బకి షెడ్డంతా నిశ్శబ్దమైపోయింది. ఎల్డన్‌కి ఆ నిశ్శబ్దం మహా బాగుంది.

తరవాత ఒక శనివారం, సరిగ్గా అందరూ ఉన్నప్పుడే, షెడ్డు గోడ మీది ఫోను మోగింది. టెనెసీ నుంచి హాలిస్ అనే ముసలాయన, ప్రొపెల్లర్లు చెక్కేవాడు. ఇంజన్ బలమెంత, పళ్ళచక్రాల లెక్కేమిటి, చెబితే చెక్క అతికించి పని మొదలుపెడతానన్నాడు. చక్రాల లెక్క చెప్పాడు ఎల్డన్. బలం దగ్గరికొచ్చేసరికి వెనక గేలన్ కాఫీ చప్పరించడం కూడా ఆపేశాడు.

ఎల్డన్ గోడకేసి తిరిగాడు. రెండొందలు, అన్నాడు.

ప్రొపెల్లర్ చలికాలంలో వచ్చింది. చూడముచ్చటగా ఉంది, చేత్తో నిమరకుండా ఎవరూ ఉండలేకపోయారు. విమానం తోక ట్రాక్టరుకి కట్టి ఇంజన్‌కి పూర్తిగా పెట్రోలు వదిలితే, ఎంత వేగం అందుకోవాలో అందులో మూడొంతుల దగ్గరే మూలుగుతూ ఆగిపోయింది. ఒక్కడే కూర్చుంటే ఎలాగో లేచింది. కొత్తగా కట్టిన విమానంలో తగినన్ని గంటలు ఒంటరిగా ఎగిరాక గానీ పక్కన మనిషిని ఎక్కించకూడదని చట్టం. అందుకని వెర్నా సీటులో ఆవిడ బరువుకి సరిపడా కోళ్ళ దాణా మూటలు పెట్టి బెల్టు కట్టాడు. గడ్డి మీద పరిగెత్తింది, పరిగెత్తింది, పొలం చివర కాటన్‌వుడ్ చెట్లు దగ్గరికొస్తున్నాయి గానీ చక్రాలు నేల వదల్లేదు. ఇంజన్ కట్టేస్తే, విమానం సరిగ్గా చెట్ల మొదట్లో ఆగింది.

అప్పుడే ఫోన్ చేసి నిజం చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. పెట్రోలు వచ్చే దారి మార్చాడు, పొగగొట్టం మార్చాడు, ప్లగ్గులు మార్చాడు. మార్చి వచ్చింది. ఇంటి పైనుంచి సారసాలు బారులు బారులుగా నదివైపు పోతుంటే అతను ఇంజన్ మూత కిందినుంచి తల ఎత్తేవాడు కాదు. వెర్నా వరండాలో నిలబడి వినేది. త్వరలోనే, అని తను ఎన్నిసార్లు చెప్పాడో అతనికే తెలియదు. చెప్పినప్పుడల్లా లోపల కుమిలిపోయేవాడు. ఏప్రిల్‌లో ఒక రోజు ఆకాశం చప్పబడిపోయింది.

ఆ సాయంత్రం వంటింట్లో వెర్నా అడిగింది.

"వెళ్ళిపోయాయా అన్నీ?"

"వెళ్ళిపోయాయి."

"ఎల్డన్, ఆ ఇంజన్ బలం నిజంగా ఎంత?"

"నూట అరవై. మహా అయితే."

"మరి రెండొందలని ఎవరికోసం చెప్పావు?"

"గేలన్ ఉన్నాడక్కడ."

"అయితే గేలన్‌నే కూర్చోబెట్టుకుని ఎగురు," అంది వెర్నా. కోపంగా అనలేదు. ప్లేటు కడిగి, బల్ల అంచు చేత్తో తడిమి చూసుకుని మరీ పెట్టింది. నిరుడు ఆవిడకి అలా తడమాల్సిన పని ఉండేది కాదు. ఎల్డన్‌కి తల కొట్టేసినట్టయింది.

శనివారం దాకా ఆగి, అందరి ముందే ఫోను తీశాడు. గట్టిగా, అందరికీ వినబడేటట్టు, తన ఇంజన్ నూట అరవై అనీ, తను అబద్ధం చెప్పాననీ చెప్పాడు. హాలిస్ అవతల నవ్వాడట. ఎవరేం చెప్పినా పదో వంతు కొట్టేసి చెక్కడం తనకి అలవాటేననీ, ఇతను మాత్రం అంత స్థిరంగా చెప్పేసరికి నమ్మేశాననీ అన్నాడు. ఇంత తేడా రెక్క చెక్కితే పోయేది కాదు, కొత్త చెక్క అతికించి మొదటినుంచి చెయ్యాలి, ముందున్నవాళ్ళ పని అయ్యాకే నీ వంతు, అన్నాడు. గేలన్ ఏదో ఒకటి అంటాడని అందరూ చూశారు. అతను కప్పు కిందపెట్టి, తనది కూడా నూట ఎనభై కాదని గొణిగాడు.

ఆకురాలే కాలం వెళ్ళి మంచు పడింది. ఎదురుచూపులకి వేరే మందు లేదు కదా. ఈలోగా వెర్నా చూపు నడిమి భాగం పూర్తిగా పోయింది. ఎల్డన్‌తో మాట్లాడాలంటే అతని చెవి పక్కకి చూస్తూ మాట్లాడేది, అలా అయితేనే మొహం అంచులో కనబడుతుంది. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసినా, భోజనాల బల్ల దగ్గర ఆవిడ కళ్ళు తన భుజం మీదుగా గోడ మీదికి పోతుంటే అతనికి ప్రాణం ఉసూరుమనేది. నలభై ఏళ్ళు సూటిగా తన కళ్ళలోకి చూసిన మనిషి. ఒక్కసారి మళ్ళీ అలా చూస్తే చాలునని, ఎవరికీ చెప్పుకోలేని చోట, ఆశపడేవాడు.

కొత్త ప్రొపెల్లర్ కాస్త తక్కువ వాలుతో వచ్చింది. ట్రాక్టరుకి కట్టి పూర్తిగా పెట్రోలు వదలగానే ఇంజన్ గొంతు విప్పి పైకి, ఇంకా పైకి అందుకుంది. దాణా మూటలతో చెట్లకి చాలా ముందే లేచింది. కావలసిన గంటలన్నీ చలిలో ఒక్కడే ఎగిరి పూర్తిచేశాడు. మార్చిలో ఒక పొద్దున్న మూటలు దింపి వెర్నాని ఎక్కించి, బెల్టు తనే బిగించాడు.

నదికి చాలా ఎత్తున, పక్షులు బెదరనంత దూరంలో ఎడమవైపు వాల్చి తిప్పాడు. ఎల్డన్ వైపు రెక్క కింద, ఎండ పడ్డ ఇసుక మేటల మీదుగా, సారసాలు గుంపులు గుంపులుగా లేచి తిరుగుతున్నాయి.

వెర్నా అతని మీదుగా కిందికి చూసింది. కళ్ళు చికిలించింది, తల అటూ ఇటూ తిప్పింది. మొహం వాడిపోయింది. ఆలస్యం చేశానే అనుకున్నాడు ఎల్డన్.

అప్పుడు ఆవిడ మెల్లగా తల ఎత్తి అతనికేసి తిరిగింది. సూటిగా, రెండు కళ్ళతో, అతని కళ్ళలోకే చూసింది. పెదాలు విడివడ్డాయి. ఎల్డన్‌కి ఏడాదిగా కరువైపోయిన చూపు అది.

"వెర్నా," అన్నాడు.

"కదలకు," అంది ఆవిడ. "నీ తల అక్కడే ఉంచు. నీకేసి చూస్తుంటే కనిపిస్తున్నాయి. నీ చుట్టూతా ఉన్నాయి, ఎల్డన్. బూడిద రంగు వీపులు. ఎన్ని ఉన్నాయో."

"మరి నేను?"

"నువ్వు కనపడవు," అంది వెర్నా, కళ్ళు అతని మీదినుంచి తిప్పకుండా.

ఎల్డన్ విమానం నడిపే కర్ర పట్టుకుని, మెడ బిగబట్టుకుని, నది మీద ఇంకో చుట్టు తిప్పాడు.