బెటర్‌కీ క్యూర్‌కీ నడుమ జ్ఞానప్రకాశం

జ్ఞానప్రకాశం పోయాక మా చర్చి సంఘం వాళ్ళు అతన్ని పరిశుద్ధుణ్ణి చేసేశారు. గుడి గోడకి ఫొటో తగిలించి, కింద 'సత్యవంతుడు' అని రాయించారు. చూసి నాకు ఒళ్ళు మండింది. మనిషి మంచివాడే, కాదనను. జీవితంలో ఒక్క అబద్ధం ఆడాడు. అది దాచిపెట్టి మిగతాదంతా చెప్తే అతని గురించి ఏమీ చెప్పనట్టే.

మైపాడు వైపు పల్లెలో పుట్టి, నెల్లూరు దగ్గర ఒక మిషను ఆసుపత్రిలో క్షయ వార్డు కాంపౌండరు అయ్యాడు. నేను అదే వార్డులో నర్సుని. నా పేరు నవోమి, మాదీ ఆ పల్లే. మా డాక్టరమ్మ తెల్లావిడ. ఆమె ఇంగ్లీషులో చెప్పింది రోగులకు తెలుగులో చెప్పడం జ్ఞానప్రకాశం పని.

ఇంటికి పంపేటప్పుడు చీటీ మీద ఆమె రెండు మాటల్లో ఏదో ఒకటి రాసేది. బెటర్, లేకపోతే క్యూర్డ్. వినేవాళ్ళకి రెండూ బాగైపోయినట్టే. దగ్గు తగ్గగానే మాత్రలు గూట్లో పడేసి పొలానికి పోయేవాళ్ళు. ఆర్నెల్లకి వాళ్ళనే మంచం మీద మోసుకొచ్చేవాళ్ళు. ఇది చూడలేక జ్ఞానప్రకాశం ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చెప్పేవాడు.

"బెటర్ అంటే పెన్నలో సగం దాటినావు, ఇంకా నీళ్ళల్లోనే ఉండావు. క్యూర్ అంటే అవతల గట్టెక్కినావు. ఇప్పుడు నువ్వు యాడుండావో చెప్పు."

"నీళ్ళల్లోనే ఉండా" అని రోగి తన నోటితో అనేదాకా చీటీ చేతికిచ్చేవాడు కాదు. చాదస్తమని మేం నవ్వుకునేవాళ్ళం. ఆ చాదస్తమే ఎంతోమందిని బతికించింది.

అరవై ఒకటిలో అతని చెల్లెలు పుష్పకుమారికే క్షయ వచ్చింది. ఇద్దరు ఆడపిల్లల తల్లి. వార్డులో అయిదు నెలలుంచి పంపించాం. మొగుడు హెబ్రోను ఆమెను ఇంట్లోకి రానివ్వలేదు. పిల్లల్ని తన తల్లి దగ్గర పెట్టుకున్నాడు. పుష్పకుమారి పల్లెలోనే అన్న ఇంట్లో ఉండి, గుడిలో చివరి చాప మీద ఒక్కతే కూర్చునేది. పిల్లలు దూరం నుంచే తల్లిని చూసేవాళ్ళు.

మా గుడిలో ప్రభు భోజనానికి ఒకటే గిన్నె. నెలకోసారి అందరూ అందులోని ద్రాక్షరసమే ఒక్కో గుక్క తాగుతారు. పాపం దాచుకుని తాగకూడదంటారు. క్షయ వచ్చినవాళ్ళకి అసలు అందివ్వరు. మళ్ళీ అందివ్వాలంటే ఆ మనిషి నిలబడి స్వస్థత పొందానని సాక్ష్యం చెప్పాలి, ఆసుపత్రి చీటీ చదివించాలి. సంఘం చేర్చుకున్న రోజున తనూ ఇంట్లోకి చేర్చుకుంటానని హెబ్రోను పెద్దల ముందు మాటిచ్చాడు.

మరుసటి ఏడాది కొత్త ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ బెటర్ అని రాసింది. ఇంకో ఏడాది మాత్రలు మింగాలంది. శనివారం ఆ చీటీ జ్ఞానప్రకాశానికి అందించింది నేనే. ఆదివారం తెల్లవారి బస్సులో ఇద్దరం పల్లెకు పోయాం. పిల్లల కోసం ఇంకో ఏడాది ఓర్చుకోమని చెల్లెలికి ఎలా చెప్పాలో తెలియక దారి పొడుగునా అతను ఆ చీటీ విప్పుతూ మడుస్తూ కూర్చున్నాడు.

బస్సు దిగి నేరుగా గుడికి పోయేసరికే ఆరాధన మొదలైంది, ఆమెతో మాట్లాడే సందు దొరకలేదు. పుష్పకుమారి అప్పటికే ఉతికిన చీర కట్టుకుని సాక్ష్యానికి లేచి నిలబడింది. చీటీ చదవమని పాస్టరు అయ్యగారు జ్ఞానప్రకాశాన్ని పిలిచాడు. పిల్లలిద్దరూ నాయనమ్మ చేతులు విడిపించుకుని ముందుకొచ్చారు. జ్ఞానప్రకాశం చీటీ విప్పాడు. పిల్లల్ని చూశాడు.

"క్యూర్డ్" అని చదివాడు. "గట్టెక్కింది" అన్నాడు.

సంఘమంతా స్తోత్రం చెప్పింది. ఆమె గిన్నె అందుకుంది, పిల్లలు కొంగు పట్టుకున్నారు. నాకూ కళ్ళలో నీళ్ళొచ్చాయి.

ఆరాధనయ్యాక గుడి వెనక చెల్లెలి చేతిలో మాత్రల సీసా పెట్టి, అసలు సంగతి చెప్పాడు. ఆమె సీసా వెనక్కి ఇచ్చేసింది. సాక్ష్యం చెప్పినాక మందు మింగితే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టే, మా వాళ్ళ లెక్క అది.

"సన్నిధిలో చదివింది అబద్ధమయితే, ఆడనే లేచి చెప్పన్నా. అప్పుడు మింగతా" అంది.

చెప్తే పిల్లలు మళ్ళీ పోతారు. వచ్చే ఆదివారం చెప్తానన్నాడు. ఎన్ని ఆదివారాలు పోయాయో. వారం వారం సీసా తీసుకుపోయేవాడు, అట్లాగే తెచ్చేవాడు. ఆమె ఒళ్ళు చేసింది, పిల్లలకి జడలు వేసింది, నవ్వింది. ఎనిమిదో నెలలో రక్తం కక్కుకుంది. మధ్యలో మందు మానేస్తే ఆ జబ్బు మొండికెత్తుతుంది. ఈసారి మా దగ్గరున్న మందులేవీ పనిచేయలేదు. ఇరవై రోజులకి నా చేతుల్లోనే పోయింది.

సమాధయిన తర్వాతి ఆదివారం జ్ఞానప్రకాశం ఆ చీటీ పట్టుకుని లేచాడు. ఇందులో ఉండేది బెటర్ అనీ, తను అబద్ధం చదివాడనీ, చెల్లెల్ని తనే చంపుకున్నాడనీ ఏడ్చాడు. అయ్యగారు వచ్చి భుజం మీద చెయ్యేశాడు. దుఃఖంలో మతి చలించి ఏదో అంటున్నాడు, ప్రార్థన చేద్దాం అన్నాడు. బిడ్డ ఇప్పుడు ప్రభువు దగ్గర పూర్తి స్వస్థత పొందిందన్నాడు. అందరూ ఆమేన్ అన్నారు.

జ్ఞానప్రకాశం నా వైపు తిరిగాడు.

"నవోమమ్మా, నీకు తెలుసు గదా. నువ్వన్నా చెప్పు."

నాకు తెలుసు. అతను క్యూర్డ్ అని చదివిన రోజునే తెలుసు. లేచి కాదంటే, లేదా మర్నాడు డాక్టరమ్మతో ఒక్క మాటంటే పుష్పకుమారి బతికేది. ఇప్పుడు నోరు విప్పితే, అప్పుడెందుకు విప్పలేదని అడుగుతారు. తల దించుకుని కూర్చున్నాను.

ఆ రోజు ప్రభు భోజనం. మగవాళ్ళ వరుస చివర అతను, ఆడవాళ్ళ వరుస మొదట నేను. గిన్నె అతని దగ్గరికొచ్చింది. అతను పెదవి ఆనించకుండా నాకు అందించాడు. బతికినన్నాళ్ళూ అంతే చేశాడు.

నేను ప్రతిసారీ తాగాను.