తాళం బాబాయ్‌కి నేనిచ్చిన అవార్డు

నిక్షేపంలా ఉన్న మనిషిని చంపేసినవాడు రాసింది మీరెప్పుడైనా చదివారా? ఇప్పుడు చదువుతున్నారు. లేచి తలుపులు వేసుకోనక్కర్లేదు. కత్తీ కఠారూ ఏమీ లేకుండా ఒక్క కీబోర్డుతో కానిచ్చాను. శనివారం సాయంత్రం చంపితే, చంపినట్టు సోమవారం పొద్దున పదింటికిగానీ నాకే తెలియలేదు. ఆ తర్వాతి గంట నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. గవర్నరుపేటలో ఓ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్ని. సందుకో నెట్ సెంటర్ ఉన్న రోజులు. ఆఫీసయ్యాక రోజూ ఓ గంట అక్కడ కూర్చుని కోటల ఆట ఆడేవాణ్ణి. కోట కట్టుకోవాలి, సైన్యాన్ని పోగెయ్యాలి, పక్కవాడి మీద పడాలి. ఆడేవాళ్ళందరికీ ఆ సైటులోనే తలా ఒక బ్లాగు ఇచ్చారు. మిగతా దేశాలవాళ్ళు అందులో యుద్ధ వ్యూహాలు రాసుకునేవాళ్ళు. మన తెలుగువాళ్ళం నలభై మందిమి చేరి కొత్తావకాయ, మోకాళ్ళ నొప్పులు, కరెంటు కోతల గురించి రాసుకునేవాళ్ళం. అందరికీ మారుపేర్లే. నలభై ఎనిమిది కిలోలున్న నా పేరు ‘బెజవాడ బెబ్బులి’.

మా అందరికీ పెద్దదిక్కు తాళం బాబాయ్. అసలు పేరు కరీముల్లా అనీ, వన్ టౌన్‌లో గాజుల దుకాణాల వెనక ఆకుపచ్చ బోర్డున్న తాళాల కొట్టు తనదేననీ ఆయనే రాశారు. మనిషిని చూసినవాళ్ళు ఎవరూ లేరు. నా కోట మూడుసార్లు కూలితే మూడుసార్లూ ఆయనే రాళ్ళూ కలపా పంపారు. పంపి, “బెబ్బులి గారూ, ఈసారైనా గోడకి తలుపు పెట్టుకోండి” అని రాశారు.

అలాంటి మనిషి ఉన్నట్టుండి మాయమయ్యారు. రెండు నెలలు ఆటా లేదు, రాతా లేదు.

సంవత్సరం చివర నాకో బుద్ధి పుట్టింది. దాన్ని బుద్ధి అనొచ్చో లేదో మీరే చెప్పండి. తోటి బ్లాగర్లకి సరదాగా అవార్డులు ప్రకటించాను. పామర్రులో లెక్కలు చెప్పే సుబ్బారావు మాస్టారు ‘రథసారథి’ పేరుతో ఆడేవారు. ఆయనకి మొదటి బహుమతిగా ‘ఉత్తమ నస’. మైలవరం నుంచి ఆడే పద్మ గారు, అంటే ‘మామిడి మహారాణి’కి, యుద్ధం మధ్యలో పొయ్యి మీద పాలు పొంగినందుకు రెండో బహుమతి. ఇక తాళం బాబాయ్‌ని ఊరికే ఉడికిద్దామని ‘అమరజీవి పురస్కారం’ అని పెట్టి, ఓ తాళం బొమ్మకి దండ వేసి, కింద ఇలా రాశాను: “మన బాబాయ్ ఇక లేరు. రెండు నెలలుగా ఆయన కోటలో దీపం లేదు. ఆ మంచి మనిషి ఆత్మకు శాంతి కలగాలి.” ఇంకా కిందికి, చాలా కిందికి వెళితే చీమంత అక్షరాల్లో, “బతికుంటే వచ్చి అవార్డు పుచ్చుకోవాలి” అని కూడా రాశాను.

అంత కిందికి ఎవరెళ్తారండీ? ఒక్కరూ వెళ్ళలేదు.

ఆదివారం నెట్ సెంటర్‌కి సెలవు. సోమవారం ఆఫీసుకి వెళ్తూ, ఎంతమంది నవ్వారో చూద్దామని తెరిచాను. ముప్పై ఏడు కామెంట్లు. నా జన్మలో నాకు ఆరుకి మించి రాలేదు. పొంగిపోయి చదవడం మొదలుపెట్టాను.

“అయ్యో! ఎప్పుడు? ఎలా?”

“నమ్మలేకపోతున్నాను. కిందటి వేసవిలో నా కోటకి కాపలా పెట్టింది ఆయనే.”

“బెబ్బులి గారిది బెజవాడే కదా. దగ్గరుండి అన్నీ చూసుకున్నట్టున్నారు.”

మెడ మీద చెమట మొదలైంది. చివర రెండు కామెంట్లు చూశాక అది వీపు మీదుగా కాలవకట్టింది.

“సోమవారం పొద్దున పదకొండింటికి వాళ్ళ కొట్టుకి వెళ్ళి కుటుంబాన్ని పలకరిస్తున్నాను. రథసారథి.”

“నేనూ వస్తున్నానండీ మాస్టారూ. దండ నేను తెస్తాను. మహారాణి.”

గోడ గడియారం చూశాను. పదీ ఇరవై.

ఆఫీసు సంగతి మర్చిపోయి ఆటో ఎక్కాను. “వన్ టౌన్! తొందరగా!” అంటే, “ఎవరికైనా సీరియస్సాండీ?” అన్నాడు డ్రైవరు.

“ఎవరికీ ఏం కాలేదు. అదే గొడవ” అన్నాను. అద్దంలో నన్ను ఓసారి చూసి, స్పీడు పెంచాడు.

సగం దారిలో ఇంకో ఆలోచన వచ్చింది. రెండు నెలలుగా మనిషి జాడ లేదు కదా. నేను సరదాకి రాసింది నిజమే అయ్యుంటే? మూడు కోటలకి రాళ్ళు పంపిన పెద్దాయన పోతే, ఒక్క ఫోనన్నా చెయ్యకుండా ఆ చావు మీద జోకులేసినవాణ్ణి అవుతాను. ఆయన బతికుంటే ఏం సమాధానం చెప్పాలి? పోయుంటే వాళ్ళావిడకి ఏం చెప్పాలి? బతికుండాలని దేవుళ్ళందరికీ మొక్కాను. బతికుంటే నన్ను కొట్టకుండా చూడమని ఇంకోసారి మొక్కాను.

వన్ టౌన్‌లోకి వచ్చేసరికి ఎదురుగా బస్తాల తోపుడు బండి అడ్డం తిరిగింది. వెనక ఇంకో ఆటో. ముందుకీ లేదు, వెనక్కీ లేదు. దిగి పరిగెత్తాను. గాజుల దుకాణాలు దాటి సందు తిరిగితే ఆకుపచ్చ బోర్డు కనిపించింది. దాని కింద షట్టరు సగం దించి ఉంది. బయట వరసగా కుర్చీలు. ఓ కుర్చీలో ఎవరో తల దించుకుని కూర్చున్నారు.

కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. “పోయారు” అనుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజంగానే తిరిగాయండీ, నవ్వకండి.

తల దించుకున్నాయన తలెత్తి, “కొట్టుకి రంగులేస్తున్నామండీ. సామాను బయట పెట్టాం, షట్టరు కింద వంగి వెళ్ళండి” అన్నాడు. చేతిలో బ్రష్షు.

వంగాను. లోపల బట్టతల మాస్టారొకరు, పక్కన పూలదండ పట్టుకుని ఒకావిడ నిలబడి ఉన్నారు. ఎదురుగా స్టూలు మీద తెల్లగడ్డం పెద్దాయన కూర్చుని, చెంపకి చెయ్యి ఆనించుకుని శ్రద్ధగా వింటున్నారు.

“అంత మంచి మనిషండీ కరీముల్లా గారు. అడక్కుండానే సాయం చేసేవారు” అంటోంది ఆవిడ, ముక్కు తుడుచుకుంటూ.

“అలాగా అమ్మా. ఇంకా?” అన్నారు పెద్దాయన.

“మాట ఎంత నెమ్మదో! మీరు ఆయనకి అన్నగారాండీ?” అన్నారు మాస్టారు.

“అన్నని కాదండీ. బాగా దగ్గరవాణ్ణి.”

నేనింక ఆగలేక వెనకనుంచి అరిచాను. “ఆయన పోలేదండీ! అంటే... పోయారేమో నాకు తెలీదు. నేను మాత్రం ఊరికే చంపాను!”

ముగ్గురూ ఇటు తిరిగారు. అదే సమయానికి లోపలి గుమ్మంలోంచి ఒక పెద్దావిడ తొంగిచూసి, “ఏమండీ, ఎవరు పోయారంట?” అంది.

“నేనేనంట” అన్నారు పెద్దాయన.

పద్మ గారి చేతిలో దండ జారి రంగు డబ్బాలో పడింది. నేను గోడకి జారగిలబడ్డాను. రంగు తడిగా ఉందని అప్పుడే తెలిసింది.

అన్నీ ఒప్పుకున్నాను. బెబ్బులిని నేనేనన్నాను. ఆట, అవార్డులు, చీమంత అక్షరాలు, అన్నీ చెప్పాను. నేను చెబుతున్నకొద్దీ బాబాయ్ కళ్ళతోనే ఆపమని సైగ చేస్తున్నారు. అదెందుకో నాకు అర్థమయ్యేలోపే వాళ్ళావిడకి అర్థమైపోయింది.

“కోటలు కడుతున్నారా? సాయంత్రం గంట వాకింగన్నారు! ఇంత నడిచినా షుగరు తగ్గట్లేదేంటని నేను మెంతులు నానబెట్టి చస్తున్నాను!”

“మానేశాను కదా జైబూ. రెండు నెలలైంది.”

“ఎందుకు మానేశారు బాబాయ్ గారూ?” అన్నాను.

ఆయన గొంతు తగ్గించారు. “పాస్‌వర్డు మర్చిపోయాను బాబూ. ముప్పై ఏళ్ళుగా ఊరందరికీ తాళాలు అమ్ముతున్నవాణ్ణి. నా కోట తాళం నేనే పోగొట్టుకున్నానని ఎవరికి చెప్పుకోను? అయినా, రెండు నెలలు ఏమయ్యావని ఒక్కరూ అడగలేదు. అక్కర్లేదేమో అనుకున్నాను.”

మాస్టారు జేబులోంచి మడత పెట్టిన కాయితాలు తీసి ఆయన చేతిలో పెట్టారు. కుటుంబానికి ఇద్దామని ఆ ముప్పై ఏడు కామెంట్లూ ప్రింటు తీయించి తెచ్చారట. బాబాయ్ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ నెమ్మదిగా చదివారు. రెండుసార్లు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. జైబున్నీసా గారు వెనకనుంచి వంగి తనూ చదివి, కోపం మానకుండానే లోపలికెళ్ళి అందరికీ టీ తెచ్చారు. ఆయన కప్పులో మాత్రం చక్కెర వెయ్యలేదు.

గండం గడిచిందనుకుని నేను కప్పు నోటి దగ్గర పెట్టుకున్నాను. బాబాయ్ ఆఖరి కాయితం తిప్పారు. అందులో అవార్డుల పట్టికంతా ఉంది. చూస్తూ చూస్తూ ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

“మొదటి బహుమతి మాస్టారికా?”

“అవునండీ.”

“ఆ ‘నస’ సంగతి మనం తర్వాత మాట్లాడుకుందాం” అన్నారు మాస్టారు నన్ను చూడకుండా.

“రెండోది ఈ అమ్మకి, పాలు పొంగినందుకు. మరి నాది?”

కప్పు కింద పెట్టాను. “మీది... ప్రోత్సాహక బహుమతండీ.”

బాబాయ్ స్టూలు మీంచి లేచి నిలబడ్డారు. చంపినందుకు పల్లెత్తు మాటనని మనిషి అప్పుడు మండిపడ్డారు.

“ఏమయ్యా! పాలు పొంగితే రెండో బహుమతీ, ప్రాణం పోతే ప్రోత్సాహకమా? ఇంకేం చేస్తే మొదటిదిస్తావు?”

అందుచేత పాఠక మహాశయులారా, వీపంతా ఆకుపచ్చ రంగుతో, వన్ టౌన్ నడిబజార్లో నిలబడి నేను చేసిన ప్రతిజ్ఞ ఇది. ఇకపై ఈ జన్మలో ఎవరికీ అవార్డు ఇవ్వను. తప్పనిసరై ఇవ్వాల్సి వస్తే ముందు ఫోను చేసి, “అయ్యా, తమరు ఉన్నారా?” అని అడిగి, ఉన్నానని వారి నోటితోనే విని, ఆనక మొదటి బహుమతి తప్ప ఇంకేదీ ఇవ్వను.