పేరు పలకమన్న రాకుమారుడు

మా బాబు ఊపిరి తీసుకోకుండానే పుట్టాడు. మేముండే జర్మనీలోని లైప్‌జిగ్‌లో అలాంటి పసివాళ్లందరినీ కలిపి పూడ్చే చోటే వాణ్ణీ పూడ్చాం. ఆ తర్వాత ఇంట్లో కూర్చోలేక రోజూ బయటికి వెళ్లిపోయేదాన్ని. ట్రామ్‌లోకి ఎవరైనా పిల్లల బండి ఎక్కిస్తే నేను దిగిపోయేదాన్ని. చావాలని లేదు, బతకాలనీ లేదు.

ఒకరోజు వాన పెద్దదైతే ఎదురుగా కనబడిన మ్యూజియంలో దూరాను. లోపల, ఈజిప్టు సమాధి నుంచి తెచ్చిన రాతి పలక ముందు బడి పిల్లలు కూర్చుని ఉన్నారు. అక్కడ పనిచేసే పెద్దావిడ వాళ్లకు చెబుతోంది. పలక మీద రొట్టెల వైపు చెయ్యి చాపుతున్నవాడు ఒక రాకుమారుడట. రాజు కాలేదు, యుద్ధాలు చెయ్యలేదు. తండ్రి కంటే ముందే పోయాడు. తండ్రే అతనికి సమాధి కట్టించాడట.

"ఇక్కడేం రాసుందో తెలుసా? దారిన పోయేవాళ్లారా, నాకు రొట్టె పెట్టండి. చేతిలో ఏమీ లేకపోతే నా పేరైనా పలకండి, అని."

"ఇప్పుడెవరు పలుకుతారు?" అని ఒక పాప అడిగింది.

"మనమే."

పిల్లలందరూ ఒక్కసారిగా ఆ పేరు పలికారు. గది మోగింది. నేను నేల మీదే కూలబడి, పిల్లలు చూస్తున్నా ఆపుకోలేక ఏడ్చాను.

టీచరు వాళ్లను పక్క గదికి తీసుకెళ్లింది. పెద్దావిడ నా పక్కన కూర్చుని ఏమైందని అడిగింది. వచ్చీరాని జర్మన్‌లో చెప్పాను.

"బాబు పేరేమిటి?" అంది.

మేం పేరే పెట్టలేదు. "ఊపిరి లేని బిడ్డకి పేరెందుకే" అని అమ్మ ఫోన్‌లో అంటే ఊరుకున్నాం.

ఆ సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి బూట్లు విప్పకముందే అడిగాను. "వాడికి పేరు పెడదామా?"

ఆయన గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. "నేను పెట్టిన. మట్టి పోస్తుంటే లోపల్లోపల పిలిచిన. నువ్వు తట్టుకోలేవని చెప్పలే."

"కన్నదాన్ని నేను. నాకు చెప్పవా?" అంటూ ఆయన గుండెల మీద కొట్టాను. ఆయన నన్ను ఆపలేదు. మెల్లగా ఆ పేరు చెప్పాడు.

ఆదివారం శ్మశానానికి వెళ్లాం. పసివాళ్లందరికీ కలిపి ఒకటే రాయి. ముందు ఆయన పిలిచాడు. తర్వాత నేను పిలిచాను. పేరు అరుపులా బయటికొచ్చింది. మనసు తేలికపడుతుందనుకున్నాను. పడలేదు, బరువు ఇంకా పెరిగింది. గేటు దాటాక బస్సు కోసం నిలబడ్డప్పుడు, మా ఆయన ఏడవడం మొదటిసారి చూశాను.