నొప్పి లేదు, సార్

నిజామాబాద్‌లో నా కూతురిని జిమ్నాస్టిక్స్‌లో చేర్పించిన రోజే కోచ్‌తో వాదన పెట్టుకున్నాను. ఇనుప కమ్మీకి దిష్టి నిమ్మకాయ వేలాడుతోంది. పిల్లలకు నేర్పేది ఇదేనా అని అడిగాను. ఆయన నవ్వి తీసేయించాడు. మూఢత్వం మీద గెలిచానని పొంగిపోయి, మిగతాదేదీ పట్టించుకోలేదు.

పట్టించుకోవాల్సిందే ఎక్కువ. కాళ్లు రెండువైపులా చాపి కూర్చున్న పిల్లల నడుముల మీద ఆయన మోకాలు పెట్టి నొక్కేవాడు. "నొప్పున్నదా?" అని అడిగితే పిల్లలంతా ఒక్క గొంతుతో "లేదు సార్" అనాలి. గొంతు తగ్గితే మళ్లీ మొదటినుంచి చేయాలి. తలుపు దగ్గర కూర్చున్న తల్లిదండ్రులం చప్పట్లు కొట్టేవాళ్లం. రుజువు లేనిదే ఎవరి మాటా నమ్మొద్దని సభల్లో చెప్పుకు తిరిగే నేను అందరికంటే గట్టిగా కొట్టాను. తాయెత్తు కట్టేవాణ్ణి నిలదీస్తాం. గోడనిండా మెడల్స్ వేలాడదీసినవాడి ముందు నోరు పెగలదు.

తొమ్మిదేళ్ల నా కూతురికి మణికట్టు వాచింది. పసుపు పట్టు వేయమన్నాడు కోచ్. వేశాను, మర్నాడు మళ్లీ పంపాను. మూడు వారాలకు గ్లాసు కూడా పట్టుకోలేకపోతే డాక్టర్ దగ్గరకు వెళ్లాం. ఎదిగే ఎముక చివర దెబ్బతిందని, ఇంకా ఆలస్యమైతే చెయ్యి వంకరపోయేదని ఆయన అన్నాడు.

ఆ నిమ్మకాయ ఎవరి చెయ్యీ విరవలేదు.

కట్టు విప్పాక కూడా పిల్ల ఆట మాననంది. బోధన్‌లో ఒకామె నడిపే జిమ్‌కు తీసుకెళ్లాను. ఒకప్పుడు చక్కెర బస్తాలు పేర్చిన గోదాం అది. అక్కడ ఎవరూ ఎవరినీ నొక్కరు, పిల్లలు తమ ఒళ్లు తామే వంచుకుంటారు. మొదలుపెట్టే ముందు ఒక్కొక్కరూ వచ్చి ఎక్కడ నొస్తోందో వేలితో చూపాలి. చూపిన పిల్లకు ఆ రోజు వేరే కసరత్తు ఇస్తారు, ఎవరూ నవ్వరు.

నా కూతురి వంతు వచ్చింది. ఏం లేదు మేడం అంది. మేడం పిల్ల మణికట్టును మెల్లగా వంచింది. దాని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏం లేదు మేడం."

ఆమె చెయ్యి వదిలేసి నా వైపు తిరిగింది. "అన్నా, దుంకుడు నేను నేర్పిస్త. నొస్తుందని చెప్పుడు పిల్లతోని ఎవలు మాన్పిచ్చిండ్రు?"

ఆ సార్ అనబోయాను. నా చప్పట్లు గుర్తొచ్చాయి.

తిరుగు బస్సులో పిల్లను దగ్గరికి తీసుకుని, నిజంగా నొస్తుందా బిడ్డా అని అడిగాను. అది నా ముఖంలోకి చూసింది.

"ఏమనాలె బాపూ?"