ఒకే కార్డు మీద ఇద్దరు

మా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఆమెను ఎదురుగా అందరూ మేడమ్ అంటారు. వెనకాల మాత్రం కార్డమ్మ. ఆ పేరు పెట్టిన విద్యార్థులు ఎప్పుడో చదువులు ముగించుకుని వెళ్లిపోయారు, పేరు ఇక్కడే ఉండిపోయింది. కంప్యూటర్లు రాకముందు ప్రతి పుస్తకానికీ ఒక కార్డు రాసి, చెక్క సొరుగుల్లో అక్షరక్రమంలో పేర్చేవారు. పదకొండేళ్లపాటు ఆ కార్డులు రాసింది ఆవిడే. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత ఉండదు. తనకలాంటి పేరుందని తెలుసన్న సంగతి ఆవిడ ఎవరికీ తెలియనివ్వలేదు.

ఇప్పుడావిడకు యాభై ఎనిమిది. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. పొద్దున తొమ్మిదిన్నరకు వచ్చి బల్ల దగ్గర కూర్చోగానే వరస మొదలవుతుంది.

"మేడమ్, పోయినేడాది ఇక్కడో నీలం అట్ట పుస్తకం చూశానండీ."

"పేరు?"

"గుర్తులేదండీ. లావుగా ఉంటుంది."

ఆవిడ మెట్లెక్కి వెళ్లి పావుగంటకు ఒక పుస్తకం తెచ్చి బల్లమీద పెడుతుంది.

"ఇదేనండీ! కానీ ఇది ఆకుపచ్చ కదా?"

"నువ్వు చూసినప్పుడు ఆ వరసలో ట్యూబులైటు పోయింది."

ఇంతలో ఫోను మోగుతుంది. ఫలానా వ్యాసం సాయంత్రానికల్లా కావాలంటాడు ఒక ఆచార్యుడు. ఇంకొకాయన వారానికోసారి పాస్‌వర్డు మర్చిపోతాడు. "మీ ఆవిడ పుట్టినరోజు పెట్టుకోండి సార్, రెండూ గుర్తుంటాయి" అని ఆవిడ ఒకసారి సలహా ఇచ్చింది. "అదే పెట్టానండీ. అదే గుర్తురావట్లేదు" అన్నాడు. వీళ్లందరి పుస్తకాలూ అచ్చయి వస్తాయి. ముందు పేజీల్లో గురువులకూ, తల్లిదండ్రులకూ, టైపు చేసినవాళ్లకూ పేరుపేరునా కృతజ్ఞతలు ఉంటాయి. చివర్లో "గ్రంథాలయ సిబ్బందికి" అని ఒక మాట ఉంటుంది. ఆ పుస్తకానికి కూడా ఆవిడే నంబరు వేసి అరలో పెడుతుంది. మొదట్లో ఆ పేజీ తెరిచి చూసుకునేదట. ఇప్పుడు చూడటం మానేసింది.

ఆవిడ దగ్గరికి ఆరేళ్లుగా వస్తున్న పరిశోధకురాలు ఒకామె ఉంది. బడిలో పాఠాలు చెబుతుంది గనక ఇక్కడందరికీ టీచరమ్మ. ముప్ఫై నాలుగేళ్లు, బడికెళ్లే కూతురు. మొదటిసారి వచ్చినప్పుడు ఏ విషయం మీద పని చెయ్యాలో తెలియక పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకే కుర్చీలో కూర్చుంది. కార్డమ్మకే జాలేసి పిలిచింది. కంప్యూటరు తెరలో ఒక పేరు చూపించింది. ఎనభై ఏళ్ల కిందటి కవి. వానల మీద నలభై ఒక్క కవితలు రాశాడు. అదే పేరు కింద మొక్కల గురించి పెద్ద శాస్త్ర గ్రంథం కూడా ఉంది.

"చూడమ్మా, కవిత్వం రాసినాయనే ఆకుల ఈనెలు లెక్కపెట్టాడు. ఈ రెండూ కలిపి ఇంతవరకూ ఎవరూ చూళ్లేదు" అంది.

టీచరమ్మ థీసిస్ అక్కడ పుట్టింది. మూడో అధ్యాయం మొత్తం అదే: మొక్కను చూసిన కన్నే వానను చూసింది. తక్కిన అధ్యాయాలన్నీ దానికి ఆనుకుని నిలబడ్డాయి. ఇక పన్నెండు రోజుల్లో సమర్పించాలి. బడివాళ్లు ఇచ్చిన జీతంలేని సెలవు కూడా నెలాఖరుతో ఆఖరు. ఈ ఏడు కాకపోతే ఇక అడగనని ఇంట్లో మాటిచ్చింది.

అప్పుడే వృక్షశాస్త్ర విభాగం వాళ్లు గది ఖాళీ చేసి, అక్కడున్న పాత పుస్తకాలను గోనెసంచుల్లో మాకు పంపారు. కేటలాగులో చేర్చే పని కార్డమ్మకు పడింది. మొదటి సంచిలో నాలుగో పుస్తకం ఆ మొక్కల గ్రంథమే, రెండో ముద్రణ. మా దగ్గర మొదటి ముద్రణ ఒక్కటే ఉండేది. అంకె వేద్దామని తెరిస్తే కొత్తగా ఒక ముందుమాట కనిపించింది. రాసింది రచయిత పెద్దకొడుకు. పోయిన వేసవిలో నాన్నగారు కాలం చేశారు, ఈ ముద్రణ ఆయన కళ్లారా చూడలేకపోయారు అని ఉంది. కింద తేదీ ఉంది.

ఆవిడ ఆ తేదీ రెండుసార్లు చదివింది. ఆ కవితల్లో మొదటిది ఒక పెద్ద తుపాను గురించి. ఆ తుపాను వచ్చింది ఈ తేదీకి తొమ్మిదేళ్ల తర్వాత.

లేచి నడవాలోకి వెళ్లింది. పాత సొరుగులు పారెయ్యడానికి ఎవరికీ మనసొప్పక అక్కడే ఉన్నాయి. లాగితే బిగుసుకున్న చెక్క కిర్రుమంది. కార్డు ఉంది, తన గుండ్రటి చేతిరాతలోనే. చూడగానే గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, కొత్తగా వచ్చిన అధికారి ఒకే రచయితకు రెండేసి కార్డులున్నాయని, వాటిని ఏకం చెయ్యమని చెప్పాడు. ఆ పని ఆవిడకు ఇష్టంగా ఉండేది. ఈ పేరు మీద రెండు కార్డులుండేవి. ఇంటిపేరు ఒకటే, పేరూ ఒకటే. ఆవిడకు ముందు పనిచేసినాయన ఒకదాని మీద పెన్సిలుతో చిన్నగా "కవి" అనీ, రెండోదాని మీద "మొక్కలు" అనీ రాసి ఉంచాడు. పుస్తకం దేని గురించో గుర్తుకోసం రాసుకున్నాడనుకుంది. మనిషెవరో గుర్తుకోసమని తోచలేదు. రెండూ తీసేసి ఒక్కటి రాసింది. ఆ నెల అధికారి మెచ్చుకున్నాడు కూడా.

కార్డుల్లోంచి కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు ఆ ఒక్కడే ఎక్కాడు. తర్వాత వేరే గ్రంథాలయాలు మా కేటలాగు నుంచే కాపీ చేసుకున్నాయి. ఇప్పుడు ఎక్కడ వెతికినా ఆ ఇద్దరూ ఒక్కరే. ఆ మాటకు సాక్షులు ఎంతోమంది, అందరూ ఆవిడ దగ్గర విన్నవాళ్లే.

సాయంత్రం ఇంటికెళ్లి చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడింది. భర్త తపాలా ఆఫీసులో చేసి రిటైరయ్యాడు. కూరగాయలు తరుగుతూ తలెత్తాడు.

"ఏంటలా ఉన్నావ్?"

"ఇద్దరు మనుషుల్ని ఒకడిగా రాశాను."

"నయం. మేమైతే ఒకడి ఉత్తరం ఇద్దరికి ఇచ్చేవాళ్లం."

ఆవిడ నవ్వలేదు. అప్పుడాయన కత్తి పక్కనపెట్టి మొత్తం విన్నాడు.

"చెప్పకపోతే ఎవరికైనా తెలుస్తుందా?"

"తెలీదు. పరీక్షకులకు అనుమానమొచ్చినా చూసేది మా కేటలాగే. అందులో ఉన్నది నేను రాసిందే."

"చెబితే?"

"ఆ పిల్ల ఆరేళ్ల పని కూలిపోతుంది. విషయం ఇచ్చిందీ నేనే, తప్పు చేసిందీ నేనే."

"చెప్పకపోతే నీకు నిద్ర పడుతుందా?"

"నిద్ర ఎలాగూ పట్టదు, ఈ మోకాళ్లతో."

"అయితే నిద్ర సంగతి పక్కన పెట్టి ఆలోచించు" అని ఆయన మళ్లీ బెండకాయలు అందుకున్నాడు.

మర్నాడు పొద్దున కార్డమ్మ ఆ పుస్తకం పట్టుకుని, మొదట టీచరమ్మ పరిశోధనకు గైడుగా ఉన్న ఆచార్యుడి గదికి వెళ్లింది. ఆచార్యుడు ముందుమాట చదివాడు. లేచి తలుపు మూసి వచ్చి కూర్చున్నాడు.

"ఇది కేటలాగులో ఎక్కించారా?"

"ఇంకా లేదు సార్. సంచుల్లో చాలా ఉన్నాయి."

"మరింకేం. వరసలో వచ్చినప్పుడు ఎక్కించండి. నెల పడుతుందో, రెండు నెలలు పడుతుందో. మిమ్మల్ని ఎవరడుగుతారు?"

"తప్పు కదా సార్."

"మేడమ్, నా దగ్గర ఆరుగురున్నారు. పూర్తి చేసేలా ఉన్నది ఈమె ఒక్కతే." ఆయన కళ్లద్దాలు తీసి కళ్లు నులుముకున్నాడు. "నాకూ ఓపిక అయిపోయిందండీ. మీ పని పుస్తకం ఇవ్వడం. అందులో ఏముందో చూసుకోవడం మా పని."

"అందులో ఏముందో నన్నడిగే కదా సార్ అందరూ తీసుకెళ్తారు" అంది ఆవిడ. కానీ మెల్లగానే అంది. ఆయన విన్నట్టు లేదు.

తిరిగొచ్చి ఆ పుస్తకాన్ని మూడో సంచి అడుగున పెట్టి, పైన మిగతావి సర్దింది. ఎవరు చూసినా తప్పుపట్టడానికి లేదు. రోజుకి ఐదు పుస్తకాల చొప్పున చేసుకుంటూ పోతే దాని వంతు నెలకు పైగా పడుతుంది. మధ్యాహ్నం దాకా నలుగురికి జవాబులు చెప్పింది, ఒకరికి పాస్‌వర్డు మార్చింది.

రెండు గంటలకు టీచరమ్మ వచ్చింది. చేతిలో రిఫరెన్సుల జాబితా, పద్దెనిమిది పేజీలు. రాత్రుళ్లు మేల్కొన్న మొహం, కానీ నవ్వుతోంది.

"మేడమ్, ఒక్కసారి సరిచూస్తారా? మీరు చూస్తే ఇక నేను మళ్లీ చూసుకోను."

కార్డమ్మ కాగితాలు అందుకుంది. మొదటి పేజీలో మూడో వరసలో ఆ పేరే ఉంది, దాని కింద రెండు పుస్తకాలూ. పెన్సిలు తీసింది. టిక్కు పెట్టడానికి చెయ్యి రాలేదు. కాగితాలు బల్లమీద పెట్టి మూడో సంచి దగ్గరికి వెళ్లింది. వంగడం కష్టమై నేలమీద మోకరిల్లి, ఒక్కొక్క పుస్తకం తీసి పక్కన పెట్టసాగింది.

"ఏం వెతుకుతున్నారు మేడమ్? నేను తీస్తాను, లేవండి."

"వద్దు తల్లీ. పెట్టింది నేనే."

పుస్తకం తెరిచి ఆ పేజీ చేతిలో పెట్టింది. టీచరమ్మ నిలబడే చదివింది. మళ్లీ చదివింది.

"తేదీ అచ్చుతప్పేమో."

"లోపల ఇంకో రెండుచోట్ల అదే సంవత్సరం ఉంది. చూశాను."

"అంటే ఇద్దరా?"

"ఇద్దరు. నేనే కలిపాను. ఇరవై తొమ్మిదేళ్ల కిందట."

"నాకప్పుడు ఐదేళ్లు" అంది టీచరమ్మ. కుర్చీ లాక్కుని కూర్చుంది. పుస్తకం మూసి, "పన్నెండు రోజులు ఆగలేకపోయారా మేడమ్? తర్వాత చెబితే ఏడ్చి ఊరుకునేదాన్ని" అంది.

"ఆగుదామనే అడుగున పెట్టాను."

"మరి?"

"నువ్వు సరిచూడమన్నావు."

టీచరమ్మ జాబితా తీసుకుని వెళ్లిపోయింది. తన చేతిసంచి అక్కడే మర్చిపోయింది. తర్వాత ఆమె భర్త వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా పట్టుకెళ్లాడు.

మూడు రోజులు ఆమె రాలేదు. కార్డమ్మ కేటలాగులో ఆ పేరును రెండుగా విడదీసింది. మార్పుకు కారణం రాయనిదే కంప్యూటరు ఒప్పుకోదు. "నా పొరపాటు" అని రాసి కింద తన పూర్తిపేరు కొట్టింది. మా దగ్గర కాపీ చేసుకున్న పదకొండు గ్రంథాలయాలకూ లేఖలు పంపింది. ఒక్కచోటి నుంచి జవాబొచ్చింది, "అందింది" అని. ఆచార్యుడు ఎదురుపడితే తల తిప్పుకున్నాడు. పెద్ద అధికారి మాత్రం పిలిచి, ఇంత చిన్నదానికి ఇన్ని లేఖలెందుకు, సంస్థ పరువు అని ఒకటి ఉంటుంది కదా అన్నాడు. ఆవిడ సరేనంది. సరేనని ఎందుకందో ఆవిడకే తెలియదు. నిలబడలేక అని ఉంటుంది.

నాలుగో రోజు టీచరమ్మ వచ్చింది. నమస్కారం పెట్టలేదు. ఎదురుగా కూర్చుంది.

"మూడో అధ్యాయం తీసేశాను. డెబ్బై పేజీలు. గడువు ఆరు నెలలు పెంచమని కాగితం పెట్టాను. గైడుగారు మొహం చూడకుండా సంతకం పెట్టారు. ఒకటో తారీఖు నుంచి బడికి పోవాలి."

కార్డమ్మ తలూపింది.

"ఇద్దరిలో నాకు మిగిలిందెవరు?"

"కవి."

"ఆయన గురించి మనకేం తెలుసు?"

"కవితల పుస్తకం ఒకటి. ఏ ఊరో, ఏం చేసేవాడో, ఎప్పుడు పోయాడో తెలీదు."

"ఆరేళ్ల తర్వాత సున్నా దగ్గరున్నాను." టీచరమ్మ గొంతు గట్టిగా ఉంది. చదువుకునే పిల్లలు ఇద్దరు తలెత్తి చూశారు.

"సున్నాయే. ఆయన గురించి ఎవరూ వెతకలేదు. ఎవరు వెతికినా ఇంకొకాయన దొరికాడు, అక్కడ ఆగిపోయారు. నా వల్ల." కార్డమ్మ ఊపిరి తీసుకుంది. "ఆ రోజుల్లో కవితలు ముందు పత్రికల్లో వచ్చేవి. పేరు కింద ఊరు కూడా వేసేవాళ్లు. కింద గదిలో ఆ కాలం పత్రికలు ఎనభై కట్టలున్నాయి. వాటికి సూచికలు లేవు. పేజీ పేజీ తిప్పాల్సిందే."

"నాకు ఆదివారాలే వీలవుతుంది."

ఆదివారం గ్రంథాలయం ఒంటిగంట దాకానే. నలుగురు వంతులవారీగా వస్తారు. వయసును బట్టి రెండేళ్ల కిందట కార్డమ్మకు ఆ వంతు తప్పించారు. ఆవిడ లేచి గోడకున్న పట్టిక దగ్గరికి వెళ్లి, వచ్చే ఆరునెలల ఆదివారాలకూ తన పేరు రాసింది. ఇరవై ఆరు గళ్లు. మిగతా ముగ్గురూ సంతోషిస్తారు, అనుమానం లేదు. ఇంట్లో ఏం చెప్పాలో తర్వాత చూసుకోవచ్చు.

టీచరమ్మ అది చూస్తూ కూర్చుంది. "మీరెందుకు మేడమ్? ఇంకెవరైనా తలుపు తీస్తారుగా."

"తీస్తారు. ఎనభై కట్టలు నువ్వొక్కదానివి ఆరు నెలల్లో చూడలేవు."

"మీరొచ్చినా నేను మాట్లాడలేనేమో. నాకింకా కోపంగానే ఉంది."

"ఉంటుంది" అంది కార్డమ్మ. "నువ్వు మొదటి కట్ట నుంచి చూడు. నేను ఆఖరి దాన్నుంచి వస్తాను."