మూడు చుట్లు విప్పిన కట్టు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. నాయన పోయాక ఆయన గదిలోనే ఒంటరిగా కూర్చుని చదువుకునేదాన్ని. ఎన్నడూ భయం వేయలేదు. ఎవరినీ నమ్మించడానికి ఇది రాయడం లేదు.

నాయన మార్కాపురంలో ఒక పలకల కార్ఖానాలో పనిచేసేవాడు. పలకల కట్ట విప్పితే తాడును పారేసేవాడు కాదు. రెండు వేళ్ల మీద చుట్టగా చుట్టి, కొస లోపలికి దోపేవాడు.

ఒకరోజు లారీ మీద నుంచి పడి మోకాలి కింద ఎముక విరగ్గొట్టుకున్నాడు. నాటువైద్యుడు వెదురుబద్దలు పెట్టి బిగించి, తొమ్మిది రోజులు విప్పవద్దన్నాడు. కాపలా నాది. రెండో రోజు నాయన అడిగాడు.

"వేళ్లు మొద్దుబారినాయమ్మా. కట్టు ఇప్పు."

"ఇప్పితే ఎముక జరుగుతాదంట నాయనా. ఓర్చుకో."

రక్తం ఆడక పాదం నల్లబడితే ఆ కాలు తీసేశారు. ఏడాది తిరక్కుండా నాయన పోయాడు.

పోయిన వేసవిలో బేస్తవారిపేట దగ్గర స్కూటీ జారి నాకూ మోకాలి కిందే ఎముక విరిగింది. ఆసుపత్రిలో కాలి వెనక సగం పిండికట్టు వేసి, పైన బట్ట చుట్టి, కాలు ఎత్తులో ఉంచారు. వాపు తగ్గాక లోపల ప్లేటు వేస్తామన్నారు. నొప్పికి సూది వేస్తే మధ్యాహ్నం నిద్ర పట్టింది.

ఎవరో నా బొటనవేలు పట్టుకుని పైకి వంచారు. పిక్క చీలినంత నొప్పి. కళ్లు తెరిస్తే మంచం దగ్గర ఎవరూ లేరు. మా వదిన తలుపు పక్కన కూర్చుని ఉంది.

"నేను ఈడనే ఉండా. ఈగ గూడ రాలేదు," అంది.

పిక్క రాయిలా గట్టిపడింది. వేళ్ల సందుల్లో స్పర్శ లేదు. నర్సు వచ్చి చూసి, "వాపుకు అట్లనే ఉంటాది, ఓర్చుకో అక్కా," అంది. ఆనాడు నాయనకు నేను చెప్పిన మాటే అది. డాక్టరు వచ్చేదాకా నేను ఊరుకోలేదు.

ఆయన కాలి వంక చూసి, "ఈ కట్టు ఎవరు విప్పారు?" అని అడిగాడు.

పాదం దగ్గర బట్ట మూడు చుట్లు విప్పి ఉంది. విప్పినంత మేరా చిన్న చుట్టగా చుట్టి, కొస లోపలికి దోపి ఉంది. అక్కడికి నా చేయి అందదు. వదిన తాను ముట్టలేదని ఒట్టు వేసింది.

కండరాల్లో ఒత్తిడి పెరిగి రక్తం అందడం లేదట. వెంటనే తీసుకెళ్లి పిక్క కోసి ఒత్తిడి తగ్గించారు. ఇంకొన్ని గంటలు గడిచి ఉంటే కాలు దక్కేది కాదన్నారు.

తర్వాత ప్లేటు వేశారు. ఎముక అతికింది. నడుస్తున్నాను. నాయనే కాపాడినాడని వదిన అంటుంది. కావచ్చు. కానీ కాపాడాలనే విప్పిన చేయి మొత్తం విప్పకుండా మూడు చుట్ల దగ్గరే ఎందుకు ఆగిపోయిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఎంత ఎండాకాలమైనా, మధ్యాహ్నం పడుకుంటే పాదాలు దుప్పట్లో దాచుకుంటాను.